లేడీ ఇన్ సాటిన్ రీమాస్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ఆల్బమ్ ఎవరిది, ఎప్పటిది?

అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే పాడింది. 1958 ఫిబ్రవరి మూడో వారంలో, న్యూయార్క్‌లో కొలంబియా రికార్డు కంపెనీ వాళ్ల 30వ వీధి స్టూడియోలో మూడు సిటింగుల్లో రికార్డు చేశారు. అదే ఏడాది విడుదలైంది. వాద్యబృందానికి సంగీతం కూర్చి నడిపించింది రే ఎల్లిస్, నిర్మాత అర్వింగ్ టౌన్‌సెండ్, ఇంజినీరు ఫ్రెడ్ ప్లౌట్. వెనక వయొలిన్ల దండు, అక్కడక్కడ మాటల్లేని కోరస్, వాటి మధ్య జాజ్ మనుషులు: పియానో మీద మాల్ వాల్డ్రన్, బాస్ మీద మిల్ట్ హింటన్, ట్రాంబోన్ల మీద జె.జె. జాన్సన్, అర్బీ గ్రీన్. హాలిడే 1959 జులై 17న 44 ఏళ్లకే పోయింది. బతికుండగా ఆమె చూసుకున్న చివరి ఆల్బమ్ ఇదే.

గొంతు గీరుకుపోయినట్టుంది. నా ఫైలు పాడైందా?

లేదు, ఆ గొంతే అంత. అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

ఆమె గాత్రం పరిధి ఎప్పుడూ పెద్దది కాదు, మంచి రోజుల్లోనూ ఒక స్థాయికి కాస్త పైన. 1958 నాటికి అదీ కుంచించుకుపోయింది. పై స్వరాలు అంచుల్లో చిట్లుతాయి, దీర్ఘాలు చివర్లో వణుకుతాయి, కొన్ని మాటలు గాలిగా మొదలై ఆ తర్వాతే స్వరమవుతాయి. రే ఎల్లిస్ కూడా మొదట టేకులు విని పెదవి విరిచాడు. కొన్ని వారాల తర్వాత చివరి మిక్స్ విన్నాకే, తను సంగీతం ఒక్కటే విన్నానని, భావం వినలేదని ఒప్పుకున్నాడు.

పాడైన ఫైలుకీ ఈ గొంతుకీ తేడా పట్టుకోవడం తేలిక. ఫైలు చెడితే గరగర అన్ని వాద్యాల మీదా ఉంటుంది, గట్టిగా ఉన్న చోటల్లా వస్తుంది. ఇక్కడ గరుకు గొంతుకే పరిమితం, పక్కన వయొలిన్లు నున్నగా ఉంటాయి. మొదటి పాట ‘ఐ యామ్ ఎ ఫూల్ టు వాంట్ యు’ ఎత్తుగడే చాలు. వయొలిన్లు పట్టుచీర మడతల్లా జారుతుంటాయి, ఆ మీద ఈ గొంతు పడుతుంది. మీ కాపీలో రెండూ ఒకేలా గరగరమంటే అప్పుడు ఫైలునో, సూదినో, ఆంప్లిఫయర్‌నో అనుమానించండి.

మేము రీమాస్టర్లను తూచే కొలబద్ద కూడా ఇదే. ఆ గరుకు తగ్గించి గొంతును ‘బాగు’ చేసిన కాపీ ఎంత శుభ్రంగా ఉన్నా పనికిరాదు.

రీమాస్టర్, రీమిక్స్ ఒకటేనా?

కాదు. అట్టల మీద ఈ రెండు మాటల్నీ కలగాపులగంగా వాడేస్తారు. రీమిక్స్ అంటే మల్టీట్రాక్ సెషన్ టేపుకు వెళ్లి గొంతు ఎంత, వయొలిన్లు ఎంత, ప్రతిధ్వని ఎంత అని మళ్లీ పాళ్లు కలపడం. రీమాస్టర్ అంటే ఇప్పటికే కలిపి ఉన్న మాస్టర్ టేపును తీసుకుని దాని స్వరసమతుల్యం, లెవెల్, పాటల మధ్య ఖాళీలు సరిచేయడం. పులుసు మళ్లీ కాచడం వేరు, కాచిన పులుసులో ఉప్పు సరిచూడడం వేరు. రీమాస్టర్‌లో గొంతును ఒక్కదాన్నే పైకి తేలేరు. గొంతు ఉన్న ఫ్రీక్వెన్సీని పెంచితే అక్కడే ఉన్న వయొలిన్లు, ట్రాంబోన్ కూడా పైకొస్తాయి.

పాటలు పదకొండా, పన్నెండా?

రెండూ నిజమే. మోనో (ఒకే ఛానల్) ఎల్పీలో పన్నెండు, స్టీరియో (రెండు ఛానళ్లు) ఎల్పీలో పదకొండు. స్టీరియోలో లేనిది చివరి పాట ‘ది ఎండ్ ఆఫ్ ఎ లవ్ అఫైర్’. ఆ పాట ఆమెకు సరిగా పట్టుబడలేదు. అందుకని ముందు వాద్యబృందాన్ని రికార్డు చేసి, తర్వాత ఆ మోనో టేపు మీద గొంతు చేర్చారు. స్టీరియో టేపు మీద వాద్యాలే మిగిలాయి, గొంతు లేదు. అమెరికాలో స్టీరియో ఎల్పీలు దుకాణాల్లోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. దాంతో రెండు టేపులు పక్కపక్కనే నడిపే ఇలాంటి చిక్కులు అప్పుడు మామూలే.

1997లో వచ్చిన సీడీ ఈ పాటను మోనోలో అసలు స్థానంలోనే ఉంచింది. చివర్లో బోనస్‌గా అదే పాట తయారైన తీరు వినిపించే ఒక ట్రాకు, స్టీరియోగా కూర్చిన మరో రూపం, మొదటి పాట ఇతర టేకులు చేర్చింది. హాలిడే శతజయంతికి 2015లో మూడు సీడీల సెట్ వచ్చింది. సెషన్‌లో జరిగింది టేకు తర్వాత టేకుగా వినాలనుకునేవాళ్లకే అది. మొదటిసారి వినేవాళ్లకు భారం.

కొనేముందు పాటల పట్టికలో పన్నెండో పాట ఉందో లేదో చూడండి. లేకపోతే అది పాత స్టీరియో ఎల్పీ క్రమాన్నే దించిన కాపీ. తప్పేం లేదు, కానీ తెలిసి కొనండి.

పన్నెండో పాట దగ్గరికి రాగానే సౌండు మధ్యలోకి ముడుచుకుంటోంది. లోపమా?

కాదు. పదకొండు పాటలు స్టీరియో, పన్నెండోది మోనో, అంతే. కేబుల్ పీకి చూడక్కర్లేదు.

మోనో మంచిదా, స్టీరియో మంచిదా?

స్టీరియోలో గది తెలుస్తుంది. 30వ వీధి స్టూడియో ఒకప్పుడు చర్చి. పైకప్పు చాలా ఎత్తు, లోపల చెక్క ఎక్కువ. వయొలిన్ల చప్పుడు ఆగాక కూడా గాలిలో కాసేపు తేలుతుంది, ఆ తేలడం స్టీరియోలోనే బాగా వినపడుతుంది. మరుసటి ఏడాది జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డు చేసింది కూడా ఇక్కడే. అది విన్నవాళ్లకు ఆ గాలి పరిచయమే.

మోనోలో గొంతు మీదికొస్తుంది. వయొలిన్లు రెండు పక్కలకూ పరుచుకోక గొంతు వెనకే నిలబడతాయి. ఈ ఆల్బమ్‌లో వయొలిన్లు మరీ తీపెక్కాయని విసుక్కునేవాళ్లకు మోనో నచ్చుతుంది. ఒక్కటే కొనగలిగితే మా ఓటు స్టీరియో సీడీకే, అదీ పన్నెండో పాట ఉన్నదానికే.

పాత టేపు నుంచి కొత్త కాపీ ఎలా తీస్తారు? ఎక్కడ చెడుతుంది?

మొదటి మెట్టు టేపు వెతకడం. మాస్టర్ నుంచి తీసిన తొలి నకలులోనే హిస్, అంటే టేపు ‘సుయ్’మనే చప్పుడు, సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. నకలు మీద నకలు తీసేకొద్దీ పై స్వరాలు మసకబారుతాయి. ఎల్పీ కోయడానికి చేసుకున్న టేపుల్లో బాస్ ముందే కత్తిరించి ఉండొచ్చు, ఎందుకంటే బరువైన బాస్‌కు గాడి అడ్డంగా ఎక్కువ చోటు తింటుంది. ఆ టేపు నుంచి సీడీ చేస్తే మిల్ట్ హింటన్ బాస్ పలచబడి వినపడుతుంది.

తర్వాత టేపు ఆరోగ్యం. 1950ల టేపుల్లో చాలావాటికి ఆధారం అసిటేట్. అవి వయసుకొద్దీ పెళుసెక్కుతాయి, ముడుచుకుంటాయి, కొన్ని వెనిగర్ వాసన కొడతాయి. ‘టేపును ఓవెన్‌లో పెట్టి కాలుస్తారటగా’ అని చాలామంది అడుగుతారు. సుమారు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి వేడి చేసే ఆ పద్ధతి 1970లు, 80ల నాటి పాలిస్టర్ టేపులకు, వాటి జిగురు తేమ పీల్చుకుని అతుక్కుపోయినప్పుడు. అసిటేట్ టేపును అలా వేడి చేస్తే ఇంకా పెళుసెక్కి చేతిలో విరుగుతుంది.

మూడోది హెడ్ అమరిక. టేపు మీద చదివే హెడ్ నిట్టనిలువుగా లేకుండా కొంచెం ఒరిగినా పై ఫ్రీక్వెన్సీలు రాలిపోతాయి. ‘స’కారం, ‘శ’కారం మొద్దుబారతాయి. ఈ లోపాన్ని తర్వాత ఈక్వలైజర్‌తో సరిదిద్దబోతే హిస్ కూడా లేస్తుంది. ముందే స్క్రూ తిప్పి, ధ్వని ఎక్కడ అత్యంత స్పష్టమవుతుందో అక్కడ ఆపడమే దారి.

నాలుగోది వేగం. వేగం 1 శాతం తేడా వస్తే శ్రుతి సుమారు 17 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) జరుగుతుంది. అర స్వరం జరగాలంటే దాదాపు 6 శాతం తేడా కావాలి. 17 సెంట్లు విడిగా వింటే ఎవరికీ తెలియదు, గొంతు మాత్రం ఒక పిసరు పిల్లగొంతు అవుతుంది. అదే స్టూడియోలో తీసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ మొదటి సెషన్‌లో ఒక టేపు యంత్రం నెమ్మదిగా తిరిగింది. దాన్ని మామూలు వేగంతో వినిపించడం వల్ల ఎల్పీ ఒక పక్క పాటలన్నీ దశాబ్దాల పాటు కాస్త హెచ్చు శ్రుతిలోనే వినపడ్డాయి. 1990ల్లో గానీ సరిచేయలేదు. కాబట్టి టేపు చేతికొచ్చిందంటే సరిపోదు, పియానో శ్రుతితో సరిపోల్చి చూడాలి.

మిగిలింది ఈక్వలైజర్, లెవెల్. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. గొంతు గరుకంతా 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. ‘మృదువుగా ఉండాలి’ అని అక్కడ 2, 3 డెసిబెల్స్ తగ్గిస్తే వయొలిన్లు కమ్మగానే ఉంటాయి. కానీ హాలిడే దుప్పటి కప్పుకున్నట్టు పాడుతుంది, మాటలు విరిగిపోతాయి.

హిస్ పూర్తిగా తీసేసిన కాపీ మంచిదే కదా?

ఎక్కువసార్లు కాదు. హిస్‌ను తొలగించే సాఫ్ట్‌వేర్‌కు ఊపిరికీ హిస్‌కూ తేడా సరిగా తెలియదు. ఈ గొంతులో సగం ఊపిరే.

కనిపెట్టడానికి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. పాట చివర వయొలిన్లు నెమ్మదించి ఆగే చోట వాల్యూమ్ పెంచి వినండి. టేపు హిస్ సన్నగా అలాగే కొనసాగి, వాద్యం అందులోకి కరిగిపోతే మంచిది. వాద్యం సగంలో ఉండగానే ‘ఠప్’న నిశ్శబ్దం వస్తే, నీళ్లలోంచి వస్తున్నట్టు చిన్న చిన్న బుడగల చప్పుడు వినిపిస్తే, ఎక్కువ తీసేశారు. రెండో పరీక్ష: ఆమె ఒక మాట ముగించి మరో మాట అందుకునే మధ్యలో ఊపిరి తీసుకోవడం వినపడాలి. ఆ చోట శూన్యం ఉంటే ఆ కాపీ పక్కన పెట్టేయండి.

కొత్త కాపీ గట్టిగా, మెరుగ్గా వినిపిస్తోంది. నిజంగా మెరుగేనా?

ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవికి ‘బాగుంది’ అనిపిస్తుంది. ఆ మాయ తొలగించాకే తీర్పు ఇవ్వండి. స్ట్రీమింగ్ యాప్‌లు లెవెల్ సమం చేస్తాయి: స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి తెలిసే గట్టితనానికి కొలత అది), ఆపిల్ సౌండ్ చెక్ సుమారు మైనస్ 16కు. కాబట్టి కంప్రెసర్‌తో నలిపి గట్టిగా చేసిన కాపీకి అక్కడ లాభమేమీ ఉండదు, నలిగిన నష్టమే మిగులుతుంది. వయొలిన్లు ఉప్పెనలా లేచే చోట లేవవు, ఉన్నచోటే ఉబ్బుతాయి.

రెండు కాపీలను సరిగా పోల్చడం ఎలా?

ముందు రెండూ లాస్‌లెస్ ఫైళ్లే, అంటే ధ్వనిలో ఏమీ పోగొట్టకుండా దాచినవే, ఉండాలి. కంప్యూటర్‌లో ఫూబార్ 2000 అనే ప్లేయర్, ఏది ఏదో చెప్పకుండా వినిపించి గుర్తుపట్టమనే దాని ఎబిఎక్స్ ప్లగిన్ వేసుకోండి. రెండు ఫైళ్లనూ అందులోని రీప్లేగెయిన్‌తో (గట్టితనం కొలిచే సదుపాయం) స్కాన్ చేసి లెవెల్ సమం చేయండి, తేడా 0.2 డెసిబెల్స్ లోపు ఉంటే మంచిది. పాట మొత్తం పెట్టకండి, చెవి జ్ఞాపకం అంతసేపు నిలవదు. పది, పదిహేను సెకన్ల ముక్క తీసుకోండి. గొంతు ఒంటరిగా మొదలయ్యే చోటు ఒకటి, వాద్యబృందం మొత్తం లేచే చోటు ఒకటి. రెండు ముక్కలూ ఒకే క్షణంలో మొదలయ్యేలా అమర్చండి. లేకపోతే ఆలస్యాన్ని బట్టే ఏది ఏదో తెలిసిపోతుంది.

తర్వాత 16 సార్లు వినండి. 12 సార్లు సరిగ్గా చెప్పగలిగితే తేడా నిజంగా వినపడుతున్నట్టే. 9 దగ్గర ఆగితే మీరు విన్నది అట్ట మీది మాటల్ని.

డైనమిక్ రేంజ్ మీటర్ (గట్టి, మెల్లని చప్పుళ్ల మధ్య ఎడం కొలిచేది) అంకెల్ని చూసుకోవచ్చు గానీ వాటితో ఎల్పీని, సీడీని పోల్చకండి. ఒకే మాస్టర్ నుంచి వచ్చినా ఎల్పీని రికార్డు చేసిన ఫైలుకు అంకె ఎక్కువ చూపిస్తుంది. గాడి, సూది కలిసి శిఖరాల ఆకారం మార్చడం వల్ల వచ్చే భ్రమ అది.

24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైలుకు ఎక్కువ డబ్బు పెట్టాలా?

మేమైతే పెట్టం. 1950ల టేపుకు సిగ్నల్‌కూ హిస్‌కూ మధ్య ఎడం సుమారు 60 డెసిబెల్స్, అంటే పది పదకొండు బిట్ల పని. సీడీకి 16 బిట్లు, 96 డెసిబెల్స్ ఉన్నాయి, 22 కిలోహెర్ట్జ్ దాకా వెళుతుంది. హై రెస్ కాపీ బాగుంటే అది మాస్టరింగ్ బాగున్నందుకు, అంకెలు పెద్దవైనందుకు కాదు. అదే మాస్టరింగ్ సీడీలో దొరికితే అది చాలు.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో లాస్‌లెస్ వినొచ్చా?

యాప్‌లో లాస్‌లెస్ అని ఉన్నా, సాధారణ బ్లూటూత్ దాన్ని ఏఏసీలోనో, ఎస్‌బీసీలోనో కుదించే పంపుతుంది. వినడానికి పర్వాలేదు, పోల్చడానికి పనికిరాదు. పోల్చేటప్పుడు వైరు వాడండి.

పాత ఎల్పీ అమ్ముతున్నారు, ‘ఫస్ట్ ప్రెస్సింగ్’ అంటున్నారు. ఎలా నమ్మాలి?

లేబుల్ చూడండి. ఆ కాలపు కొలంబియా లేబుల్ మీద ఎడమ పక్క మూడు, కుడి పక్క మూడు కంటి గుర్తులుంటాయి, సేకరించేవాళ్లు ‘సిక్స్ ఐ’ అంటారు. 1962 తర్వాత రెండు కళ్ల లేబుల్ వచ్చింది. మోనో నంబరు సి.ఎల్. 1157, స్టీరియోది సి.ఎస్. 8048. లేబుల్‌కూ చివరి పాటకూ మధ్యనున్న నున్నటి భాగంలో గీసిన అక్షరాలు చూడండి, మోనో అయితే ఎక్స్ఎల్‌పీ అని, స్టీరియో అయితే ఎక్స్ఎస్ఎం అని మొదలవుతాయి. చివర 1ఎ ఉంటే అదే అన్నింటికంటే ముందు అని అమ్మేవాళ్లు ఊదరగొడతారు. కొలంబియా ఒకేసారి 1ఎ, 1బి, 1సి అని అనేక లాకర్లు (రికార్డుల అచ్చుకు మూలమైన పళ్లేలు) కోసి వేర్వేరు ఫ్యాక్టరీలకు పంపేది. 1ఎఫ్ కూడా మొదటి వారందే కావచ్చు. దానికోసం అదనంగా డబ్బు ఇవ్వకండి.

విదేశం నుంచి తెప్పిస్తే రికార్డు ధర మీద కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియర్ ఖర్చు కలిపి లెక్కేసుకోండి. చవక అనుకున్నది తలుపు దగ్గరికొచ్చేసరికి చవక కాదు.

మోనో ఎల్పీకి ప్రత్యేకం సూది కావాలా?

తప్పనిసరి కాదు. పాత మోనో గాడి 1 మిల్, అంటే 25 మైక్రాన్ల సూదికి కోసింది. స్టీరియో సూది సుమారు 18 మైక్రాన్లు. సన్న సూది గాడిలో కాస్త లోతుకు దిగుతుంది. పాత బరువైన సూదులతో పై భాగం అరిగిన రికార్డైతే అది ఒక్కోసారి మేలే, అరగని చోటు చదువుతుంది. గాడి అడుగున మురికి ఉంటే చిటపటలు పెరుగుతాయి.

అంతకంటే ముఖ్యం ఆంప్లిఫయర్‌లో మోనో బటన్. మోనో గాడిలో సంగీతం అంతా అడ్డంగా ఉంటుంది, దుమ్ము చప్పుడులో చాలా భాగం నిలువుగా ఉంటుంది. రెండు ఛానళ్లూ కలిపితే నిలువుది చెల్లిపోతుంది. బటన్ లేకపోతే రికార్డు చేసుకుని సాఫ్ట్‌వేర్‌లో కలపండి. సూది బరువు మాత్రం కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పినంతే పెట్టండి. ‘పాతది కదా, తేలిగ్గా పెడదాం’ అనుకుంటే సూది గాడిలో గంతులేసి ఇంకా పాడుచేస్తుంది.

‘లాస్ట్ రికార్డింగ్’ అని ఇంకోటి కనిపిస్తోంది. ఇదేనా అది?

కాదు. అది 1959 మార్చిలో ఎంజీఎం కంపెనీకి, రే ఎల్లిస్‌తోనే చేసింది. ఆమె పోయాక విడుదలైంది. సాటిన్ టేపుల్లో మిగిలినవి కావు అవి.

ఆమె తాళానికి వెనకబడుతోందేం? ఎడిటింగ్ తప్పా?

కావాలనే. దెబ్బ పడ్డాక కాస్త ఆగి మాట అందుకోవడం ఆమె 1930ల నుంచీ చేస్తున్నదే. కర్ణాటక సంగీతం విన్న చెవికి అనాగత ఎడుపు (తాళం మొదలయ్యాక కాస్త ఆగి పాట ఎత్తుకోవడం) గుర్తుకురావచ్చు. పోలిక కొంతదూరమే నడుస్తుంది. అక్కడ ఆగేది లెక్క ప్రకారం, ఆవర్తనంలో ప్రతిసారీ అదే చోట. ఈమె ఒక వాక్యంలో ఎక్కువ వెనకబడి, తర్వాతి వాక్యంలో చటుక్కున వచ్చి కలుస్తుంది. డ్రమ్స్, బాస్ మాత్రం ఆమె కోసం ఆగవు. కాలితో తాళం వేస్తూ ‘యూవ్ ఛేంజ్డ్’ వినండి, మీ కాలు ఎక్కడ ఉందో ఆమె మాట ఎక్కడ ఉందో చూసుకోండి.

హాలిడేను ఇంతవరకు వినని వాళ్లు ఈ ఆల్బమ్‌తో మొదలుపెట్టకండి. టెడ్డీ విల్సన్ పియానో, లెస్టర్ యంగ్ శాక్సఫోన్ ఉన్న 1930ల పాటలు ఓ పది వినేసి రండి. అప్పుడు ఇక్కడ ఏది పోయిందో, ఏది పోలేదో మీకే తెలుస్తుంది.

విశాఖలో ఉంటాం. ఎల్పీ అట్టలకు బూజు పడుతోంది.

సముద్రపు ఊళ్లలో, అందులోనూ వానాకాలం, ఇది తప్పదు. రికార్డులను గోడకు ఆనించకుండా నిలువుగా పెట్టండి, పడుకోబెట్టి దొంతర వేస్తే వంగుతాయి. లోపలి కాగితపు సంచి తీసేసి పాలిథిన్ సంచి వేయండి, తేమ పట్టేది ముందు కాగితానికే. బయటి ప్లాస్టిక్ తొడుగు మూతి బిగించకండి, లోపలి తేమ బయటకు పోవాలి. అలమరలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి రంగు మారినప్పుడు మార్చండి.

బూజు పట్టిన రికార్డును ముందు ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపండి, ముక్కుకు మాస్క్ కట్టుకుని. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి, గాడి పొడవునా గుండ్రంగా మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. అడ్డంగా రుద్దకూడదు. మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. లేబుల్ తడవకూడదు. ఎండలో పెడితే అరగంటలో రికార్డు అప్పడమవుతుంది. కుళాయి నీళ్లు వాడితే ఉప్పు గాడిలో గడ్డకట్టి, మొదటి పాట మెల్లగా మొదలయ్యే చోట చిటపటలుగా వినిపిస్తుంది.